సగంలో వచ్చేసిన మాస్టారు

రెండేళ్ళకని వెళ్ళి తొమ్మిదో నెలలోనే తిరిగొచ్చేసిన గుణశేఖర్‌ని ఎందుకొచ్చేశావని అడగని మనిషి విశాఖపట్నంలో లేడు. కనీసం అతనికి అలాగే అనిపించేది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో పాల ప్యాకెట్లు తీసుకుంటుంటే కొట్టతను అడిగాడు. పోర్టు గేటు దగ్గర కార్డు చూసే సెక్యూరిటీ అతను అడిగాడు. సింహాచలం మెట్ల దగ్గర చెప్పులు దాచే ఆవిడ, ఎప్పుడో రెండుసార్లు చూసిన ముఖమే అయినా, "ఫారిన్ ఎల్లేవన్నారు, అప్పుడే వొచ్చీసేవేటి బాబూ" అంది. అందరికీ ఒకటే జవాబు. "పడలేదు" అనేవాడు నవ్వుతూ. ఏది పడలేదో చెప్పేవాడు కాదు. చెప్పడానికి అతనికి తెలిస్తే కదా.

గుణశేఖర్ రేవులో పెద్ద క్రేన్ నడుపుతాడు. ఓడ మీదున్న కంటైనర్లను ఒక్కొక్కటిగా ఎత్తి ఒడ్డున నిలబడ్డ ట్రైలర్ మీద దించడం అతని పని. తాటిచెట్టుకి రెండింతల ఎత్తులో గాజు కేబిన్, కాళ్ళ కింద కూడా గాజే. దాంట్లో కూర్చుని రోజంతా తల వంచి కిందికి చూస్తూ పనిచెయ్యాలి. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాడు. గంటలో అతను దించినన్ని పెట్టెలు ఇంకెవరూ దించలేరని వన్ టౌన్‌లో టీ కొట్టు దగ్గర డ్రైవర్లు కూడా చెప్పుకునేవారు. అందుకే వాళ్ళ కంపెనీ టాంజానియాలో ఒక చిన్న రేవు నిర్వహణకి తీసుకున్నప్పుడు, అక్కడి కుర్రాళ్ళకి క్రేన్ నేర్పడానికి ఎవర్ని పంపాలన్న ప్రశ్న పెద్దగా రాలేదు. అతనికీ వెళ్ళాలనే ఉంది. భార్య ధనలక్ష్మి ఎండు నెత్తళ్ళు, చింతపండు, పసుపు, కారం అన్నీ వేరువేరు కవర్లలో కట్టి, అక్కడ దొరకవేమోనని ఒక చిన్న ఇనప మూకుడు కూడా పెట్టెలో దూర్చింది.

అక్కడ ఏ లోటూ జరగలేదు. సముద్రం కనిపించే గది ఇచ్చారు. వంటామె అన్నం వండేది, కొబ్బరిపాలతో చేపల పులుసు చేసేది, అది అతనికి నచ్చింది కూడా. మేనేజరు మంచివాడు. నేర్చుకునేవాళ్ళు పదిమందీ శ్రద్ధగలవాళ్ళు. మొదట్లో ఉత్సాహంగానే వెళ్ళేవాడు. తరవాత ఎప్పుడు మొదలైందో ఏమో, పొద్దున లేచి ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, మంచం మీద అలాగే కూర్చుండిపోయేవాడు. కింద జీపు హారన్ కొట్టేది. ఆ రెండో బూటు తొడుక్కోవడం కొండ ఎక్కినంత పని అయ్యేది. ఒకరోజు మేనేజరు దగ్గరికి వెళ్ళి ఇంటికి పోతానన్నాడు. సెలవు మీదా అని ఆయన అడిగితే కాదన్నాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చినప్పుడు మేనేజరు కంటే అతనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

వచ్చిన వారానికి ఆఫీసులో రోజారమణి పిలిచింది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసరు. బయటి దేశాలకి పంపినవాళ్ళ మంచిచెడ్డలన్నీ ఆమే కనుక్కోవాలి.

"భోజనం ఇబ్బందైందా గుణశేఖర్ గారూ?"

"లేదండి. బాగుండేది."

"ఇల్లు?"

"బాగుందండి."

"ఆరోగ్యం? అక్కడివాళ్ళెవరైనా మర్యాద తప్పి మాట్లాడారా?"

"అయ్యో, లేదండి. దేవుళ్ళాంటి పిల్లలండి."

ఆమె కంప్యూటర్ మీదనుంచి చేతులు తీసేసింది. "మరి ఏమైంది? మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు అడుగుతున్నది. ఇంకొకర్ని పంపేముందు మేమేం సరిచెయ్యాలో తెలియాలి కదా."

గుణశేఖర్ చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆమె మంచిగా అడుగుతోంది, జవాబు ఇవ్వాలని అతనికీ ఉంది. "పని మీదికి మనసెళ్ళలేదండి" అన్నాడు చివరికి.

"ఎందుకని?"

"అదేనండి తెలీడం లేదు."

రోజారమణి నిట్టూర్చి, సరే, పాత డ్యూటీకే వెళ్ళమంది. అతను లేచాక, "అన్నట్టు, వచ్చే నెల అక్కణ్ణుంచి ఒకమ్మాయి వస్తోంది. మూడు నెలలు ఇక్కడ పెద్ద ఓడల మీద ట్రైనింగు. మీరు నేర్పిన బ్యాచే. నీమా అని. మీకే అప్పగిద్దామనుకుంటున్నాం" అంది. గుణశేఖర్‌కి గుండెల్లో రాయి పడింది. తలూపి బయటికి వచ్చాడు.

ఇంట్లో ధనలక్ష్మి వేరేగా ఆలోచిస్తోంది. ఆమె అతనికి మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. కొన్నాళ్ళు ఊరుకుని, ఒక మధ్యాహ్నం చేపలు శుభ్రం చేస్తూ తల ఎత్తకుండా అడిగింది.

"అక్కడెవులన్నా ఉన్నారేటి బావా?"

"ఎవులుంతారు?"

"ఎవులో ఒకలు. ఉంటే సెప్పీ. ఒకపాలి ఏడిసి ఊరుకుంతాను."

"లేరే."

"లేకపోతే మరేటి? ఎవులూ కొట్టనేదు, తిట్టనేదు, తిండి పెట్టకుండా మాడ్సనేదు. ఏటీ లేకుండా మడిసి వొచ్చీడం ఏటి?"

గుణశేఖర్ ఆమె ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. "నాకూ తెల్దే దనా. తెలిస్తే నీకు సెప్పకుండా ఉంతానా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. అబద్ధం కాదని అర్థమైంది. అర్థమయ్యాక ఆమెకి ఇంకా భయం వేసింది. మర్నాడు వాళ్ళ అమ్మకి ఫోను చేసి, దిష్టి తియ్యడం ఎలాగో అడిగి తెలుసుకుంది.

నీమా వచ్చింది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, పొడగరి, జుట్టు సన్నసన్న జడలుగా అల్లుకుంది. విమానాశ్రయంలో అతన్ని చూడగానే కొంచెం మోకాలు వంచి, వాళ్ళ భాషలో పెద్దవాళ్ళకి పెట్టే నమస్కారం పెట్టింది. "మ్వాలిము" అని పిలిచింది. మ్వాలిము అంటే మాస్టారు. అక్కడ అందరూ అతన్ని అలాగే పిలిచేవారు. ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే. ఆమెది కొంచెం నయం, అతనిది పనికి సరిపోయేంత.

జీపు కాన్వెంట్ జంక్షన్ దాటి పోర్టు రోడ్డు ఎక్కేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తరవాత ఒక్కసారిగా అడిగింది.

"మాస్టారూ, మేము ఏం తప్పు చేశాం?"

"తప్పా? మీరా? ఏమీ లేదే."

"మీరు వెళ్ళిపోయాక మేము పదిమందీ కూర్చుని మాట్లాడుకున్నాం. బారాకా ఒకసారి కంటైనర్ని ఓడ అంచుకి తగిలించాడు కదా, అందుకే వెళ్ళిపోయారని వాడే అన్నాడు. లేదు, మనం కింద పాటలు పాడుకుంటాం కదా, అది ఆయనకి నచ్చలేదు అంది ఇంకొకమ్మాయి. ఎవరికి వాళ్ళం మావల్లే అనుకున్నాం. ఇక్కడికి ఎవరు వస్తారని అడిగినప్పుడు నేను చెయ్యెత్తాను. కనుక్కుని వస్తానని వాళ్ళకి చెప్పాను."

తను రావడం వల్ల కంపెనీకి నష్టం, ధనలక్ష్మికి బెంగ, తనకి చిన్నతనం. ఇంతవరకే గుణశేఖర్ లెక్కేసుకున్నాడు. అక్కడ పదిమంది పిల్లలు గుండ్రంగా కూర్చుని తమ తప్పులు వెతుక్కుని ఉంటారని అతని ఊహకి అందలేదు.

"మీ తప్పేం లేదు. నిజంగా" అన్నాడు.

నీమా మర్యాదగా తలూపింది. నమ్మలేదని అతనికి తెలిసిపోయింది.

పని మొదలైంది. ఇక్కడి ఓడలు పెద్దవి, క్రేన్లు ఇంకా ఎత్తు. కింద ఒడ్డున నిలబడి వాకీటాకీలో పనంతా నడిపించేది ఫోర్‌మన్ త్రినాథరావు. యాభై దాటిన మనిషి, గొంతు విప్పితే ఎదురుగా ఉన్న డాల్ఫిన్ నోస్ కొండ మీదికి కూడా వినిపించేది. గుణశేఖర్ నీమా వెనక సీటులో కూర్చుని చెబుతుంటే ఆమె లీవర్లు నడిపేది. మొదటిరోజే వాకీటాకీ మోగిపోయింది.

"ఏటి సేత్తన్నావమ్మా పైన? నిద్దరోతన్నావా? దించు, దించు. ఈ ట్రైలరోడు ఇక్కడ పెళ్ళికొడుకునాగ కూకున్నాడు నీ కోసం. ఎడమకి కాదు, ఎడమకి కాదంతన్నానా, నీ సెయ్యి కాల."

"ఏమంటున్నారు?" అని అడిగింది నీమా.

"దించమంటున్నాడు."

"అన్ని మాటలకీ అంతే అర్థమా?"

"అంతే" అన్నాడు గుణశేఖర్.

అతనికి ఆ గొంతు ఎంత హాయిగా ఉందో చెప్పలేడు. వచ్చిన మొదటి రోజు తను క్రేన్ ఎక్కగానే త్రినాథరావు, "ఏట్రా బావా, ఆఫ్రికా ఎల్లి సేతులు పడిపోనాయా, ఎత్తవేటి?" అని అరిచినప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో తెలియలేదు. గాలికి దుమ్ము పడిందనుకున్నాడు.

కానీ నీమా చేతులు వారం తిరిగేసరికి బిగుసుకుపోయాయి. అక్కడ పెట్టెని పువ్వులా దించిన పిల్ల ఇక్కడ వాకీటాకీ బర్రుమనగానే ఉలిక్కిపడి లీవరు వదిలేసేది. ఆదివారాలు గుణశేఖర్ ఆమెని ఇంటికి తీసుకొచ్చేవాడు. ధనలక్ష్మి ఇంగ్లీషు రాకపోయినా తెలుగులోనే గలగలా మాట్లాడుతూ, కొసరి కొసరి వడ్డిస్తూ, ఆమె జడలు పట్టుకుని చూసి మురిసిపోయేది. ఎంత అనుమానంతో మొదటిసారి ఆ పిల్లని ఎగాదిగా చూసిందో, అంత తొందరగా ఆ అనుమానం మరిచిపోయింది. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ నీమా నవ్వుతూనే ఉండేది. సోమవారం క్రేన్ దగ్గరికి వచ్చేసరికి ముఖం మాడిపోయేది.

ఒక పొద్దున ఆమె పైకి రాలేదు. కడుపునొప్పి అని కబురు పంపింది. గుణశేఖర్ కిందికి దిగి వచ్చి చూస్తే, కార్మికులు బట్టలు మార్చుకునే గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక బూటు లేసు కట్టి ఉంది. రెండోది విప్పే ఉంది. ఆ లేసు చివర్లు రెండు చేతుల్లో పట్టుకుని, వాటిని చూస్తూ కూర్చుంది.

గుణశేఖర్ ఆమెకి కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"వాళ్ళకి నేనంటే ఇష్టం లేదు. ఆయన రోజంతా నన్ను తిడతాడు" అంది నీమా.

"వాడు అందర్నీ తిడతాడు. తిట్టకపోతేనే భయపడాలి. తిడుతున్నాడంటే నిన్ను తన మనిషి అనుకున్నట్టు."

"అది మీకు తెలుసు. నాకెలా తెలుస్తుంది?"

నిజమే కదా, ఎలా తెలుస్తుంది? ఆ పిల్లని కదిలించడానికి టీ తాగుదాం రమ్మని క్యాంటీన్‌కి తీసుకెళ్ళాడు.

క్యాంటీన్‌లో నూకాలు టీ కెటిళ్ళు మోసుకొస్తోంది. పెద్ద వయసు. రెండు చేతులా రెండు కెటిళ్ళు, నడుము ఒక పక్కకి వంగిపోయి నడుస్తోంది. నీమా చప్పున లేచి ఒక కెటిల్ అందుకుని బల్ల మీద పెట్టి, ఆమె చెయ్యి తాకి మెల్లగా అంది. "పోలే. పోలే నా కాజీ."

గుణశేఖర్ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

ఆ మాట అతనికి బాగా తెలుసు. అక్కడ రోజూ సాయంత్రం క్రేన్ మెట్లు దిగుతుంటే, కింద నిలబడ్డ పదిమందీ ఒకరి తరవాత ఒకరు ఆ మాటే అనేవారు. పోలే, మ్వాలిము. పోలే నా కాజీ. దిగిన మొదటిరోజే జీపు డ్రైవరు అతనికి నేర్పిన మొదటి మాట పోలేపోలే. అంటే నిదానంగా, మెల్లగా అని. కాజీ అంటే పని అని రెండోరోజు నేర్చుకున్నాడు. మిగిలింది తనే కలుపుకున్నాడు.

"నూకాలుని మెల్లగా పనిచేస్తున్నావని ఎందుకంటున్నావ్? పాపం పెద్దావిడ" అన్నాడు.

నీమాకి అర్థం కాలేదు. "మెల్లగా అని ఎవరన్నారు?"

"నువ్వే కదా. పోలే అంటే..."

"పోలేపోలే అంటే మెల్లగా. పోలే అంటే అది కాదు మాస్టారూ. అయ్యో పాపం, కష్టపడ్డారు అని. పని చేసి అలసిపోయినవాళ్ళని చూసి ఊరికే వెళ్ళిపోతే బాగోదు కదా. మీ కష్టం మేము చూశాం అని చెప్పడానికి ఆ మాట అంటాం." అంటూ ఆగింది. "మీతో రోజూ అనేవాళ్ళం."

"ఊఁ."

"మీరేమనుకున్నారు?"

గుణశేఖర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నా పని మెల్లగా ఉందంటున్నారనుకున్నాను."

నీమా పకపకా నవ్వింది. అతను నవ్వకపోవడం చూసి మధ్యలో ఆపేసింది. "ఇన్ని నెలలూనా? ఒక్కసారి అడిగుండొచ్చు కదా."

"మాస్టార్ని కదా" అన్నాడు గుణశేఖర్. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ రోజంతా అతని తల తిరిగిపోయింది. ఇంటికెళ్ళి ధనలక్ష్మికి చెప్పాడు. ఆమె మొదట నవ్వింది, తరవాత కోపం వచ్చింది.

"ఆ ఒక్క మాటకా నువ్వు వొచ్చీసేవు? నాను రాతిరిళ్ళు నిద్దర్లేకుండా ఏటేటో అనుకుని సచ్చేను."

"ఆ మాటకే అని నాననలేదే."

"మరి?"

"అదే తెల్దు. అది గావాల అనుకుంతన్నాను. కాదు గావాల కూడాను."

నిజంగానే అతనికి తేలడం లేదు. ఆ మాట విన్నప్పుడల్లా సాయంత్రం చిన్నబుచ్చుకునేవాడు, అది వాస్తవం. ఈ వయసులో కుర్రకుంకల చేత నిదానం అనిపించుకోవాలా అని ఇంకా వేగంగా చేసి చూపించేవాడు. వాళ్ళు ఇంకా జాలిగా ఆ మాటే అనేవారు. కానీ పొద్దున బూటు చేత్తో పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మాట ఒక్కసారి కూడా గుర్తొచ్చినట్టు లేదు. గుర్తొచ్చేది కేబిన్‌లో నిశ్శబ్దం. అక్కడ వాకీటాకీలో అవసరమైతే తప్ప ఎవరూ మాట్లాడరు. ఎత్తండి, దించండి, ధన్యవాదాలు. పద్నాలుగేళ్ళు తిట్ల మధ్య పనిచేసినవాడు. తిట్టు తగ్గితే పని బాగా సాగుతోందని, పెరిగితే చెడిందని చెవులతోనే తెలుసుకునేవాడు. అక్కడ ఏమీ వినిపించక, తను చేస్తున్నది పనో కాదో తెలిసేది కాదు. పోనీ అదే కారణమా అంటే, సముద్రం దాటి ఒక తిట్టు కోసం మనిషి వెనక్కి వస్తాడా? ఎవరికైనా చెబితే నవ్వుతారు.

కారణం దొరికిందనుకున్నంత సేపు పట్టలేదు, అది చేతిలోంచి జారిపోయింది.

రోజారమణికి మాత్రం ఆ మాట సంగతి చెప్పాడు, అడిగింది కదా అని. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇదన్నమాట. భాష సమస్య. వెళ్ళేముందు రెండు వారాలు వాళ్ళ భాష నేర్పిస్తే సరిపోతుంది" అని టకటకా రాసుకుంది. గుణశేఖర్ అవునండీ అన్నాడు. బయటికి వస్తుంటే మాత్రం, ఏదో తప్పు చెప్పి వచ్చినట్టు అనిపించింది.

తనది తేలకపోయినా నీమా సంగతి చూడాలి. త్రినాథరావుని పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు.

"బావా, ఆ పిల్ల నీ అరుపులకి బెదిరిపోతంది. కొంచెం మర్యాదగా మాటాడు."

"నానేటన్నాను?" త్రినాథరావు నిజంగా నివ్వెరపోయాడు. "బాగా సేత్తంది గదా ఆ పిల్ల. బాగా సేత్తందనే గదా నాను గట్టిగ సెప్తన్నాను. సెయ్యనేనోడి మీద ఎవుడరుస్తాడు?"

"ఆ ముక్క ఆ పిల్లకి తెల్దు."

త్రినాథరావు మనసు కష్టపెట్టుకున్నాడు. అతనికీ ఆడపిల్లలున్నారు. మర్నాటినుంచి వాకీటాకీలో అతని గొంతు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. "నీమా మేడం గారూ, దయచేసి ఎత్తండి. కొంచెం కుడికి జరపండి మేడం గారూ. థాంక్యూ." అన్నాడు. ట్రైలర్ డ్రైవర్లు స్టీరింగుల మీద పడి నవ్వారు. ఓడ మీద గొలుసులు విప్పేవాళ్ళు ఒకరికొకరు దయచేసి, దయచేసి అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. నీమాకి మాటలు తెలియకపోయినా, చుట్టూ ఏదో మారిందని తెలిసింది.

"ఆయనకి నా మీద ఇంకా కోపం పెరిగింది" అంది. "ఇప్పుడు నాతో మాట్లాడ్డం మానేసి, ఎవరో కొత్త మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు."

గుణశేఖర్ తల పట్టుకున్నాడు.

మూడోరోజు ఒక ట్రైలర్ సరిగ్గా పెట్టె కిందికి రాకముందే త్రినాథరావు అలవాటు కొద్దీ, "దించండి మేడం గారూ" అన్నాడు. పైనుంచి నీమాకి స్పష్టంగా కనిపిస్తోంది, ట్రైలర్ ఇంకా వంకరగా జరుగుతోంది. దించితే పెట్టె ఒరుగుతుంది. ఆమె వాకీటాకీ నొక్కింది. ఇంగ్లీషులో చెబితే వాళ్ళకి తట్టేసరికి ఆలస్యమవుతుందని, తనకి వచ్చిన తెలుగు రెండు మాటలూ జతచేసి గట్టిగా అరిచింది.

"ఆగు బావా."

రేవంతా ఆ ఛానెల్ మీదే ఉంది. ట్రైలర్ ఆగిపోయింది. తరవాత ఓడ మీదనుంచి, ఒడ్డునుంచి, పక్క క్రేన్ కేబిన్‌లోంచి ఒకటే నవ్వు.

నీమా లీవర్లు వదిలేసి వెనక్కి తిరిగింది. "ఏం తప్పు అన్నాను మాస్టారూ? మీ ఆవిడ మిమ్మల్ని అలాగే పిలుస్తుంది. ఆయనా మిమ్మల్ని అలాగే పిలుస్తాడు. ఇక్కడ అందరూ అందరినీ అలాగే పిలుస్తారు కదా."

"తప్పు కాదు. అది..." గుణశేఖర్ మొదలుపెట్టాడు. మగవాళ్ళు మగవాళ్ళని అంటే ఒకటి, ఆడపిల్ల అంటే ఇంకొకటి, వరసలు, మేనరికాలు, అదంతా ఇంగ్లీషులో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి ఎక్కడికి తేవాలి? అతను ఇంకా మాటలు వెతుక్కుంటుండగానే వాకీటాకీలో త్రినాథరావు గొంతు వచ్చింది. ఈసారి పాత గొంతే, కానీ మెత్తగా.

"ఆగేను సెల్లీ. నువ్వు సెప్పింది రైటు. ఈడి బండి వొంకరగుంది. ఒరే, తిన్నగ పెట్రా, మా సెల్లి పైనుంచి సూత్తంది."

"సెల్లీ అంటే?"

"చెల్లెలు" అన్నాడు గుణశేఖర్.

ఆమె ముందుకి తిరిగి లీవర్లు అందుకుంది. పెట్టెని దించేటప్పుడు ఈసారి ఎక్కడా తడబడలేదు. ట్రైలర్ మీద అది కూర్చున్న చప్పుడు కూడా సరిగ్గా రాలేదు, అంత మెత్తగా కూర్చుంది. ఆ సాయంత్రానికి త్రినాథరావు మళ్ళీ గొంతు చించుకుని తిట్టడం మొదలుపెట్టాడు. ప్రతి తిట్టు చివరా సెల్లీ అని తగిలించేవాడు. ఆమె కూడా ఊరుకోలేదు. తెలుగూ, స్వాహిలీ కలిపి తిరిగి ఏదో అనేది. ఏమంటోందో ఎవరికీ తెలియదు, అందరికీ నచ్చేది.

మూడు నెలలూ అయ్యాక ఆమె వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, "వాళ్ళకి ఏం చెప్పమంటారు?" అని అడిగింది. గుణశేఖర్ చాలాసేపు ఆలోచించి, "మాస్టారికే తెలియదని చెప్పు" అన్నాడు. "అది కారణం కాదు కదా" అంది ఆమె. "కాదు" అని ఒప్పుకున్నాడు.

తరవాత రోజారమణి మళ్ళీ పిలిచింది. భాష సమస్య తీరిపోయింది కనక మిగిలిన కాలానికి వెళ్ళగలరా, బలవంతం లేదు అంది. గుణశేఖర్ ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. నిజానికి ఇంట్లో అడగడానికేమీ లేదు. ధనలక్ష్మి వద్దనదని అతనికి తెలుసు.

"నీకెల్లాలనుందా?" అని అడిగింది ఆమె.

"ఉన్నట్టే ఉంది."

"ఉన్నట్టే ఉంటే ఎలగ? ఉంటే ఉందను, నేకపోతే నేదను."

"నేదనీ నేదు. ఆ పిల్లలు మళ్ళీ కళ్ళల్లో కనబడతన్నారు. ఎల్తే మళ్ళీ ఆ మంచం మీద అలగే కూకుండిపోతానేటో అనీ ఉంది."

ధనలక్ష్మి చప్పున అంది. "కూకుండిపోతే నాకు ఫోన్ సెయ్యి. నాను తిడతాను."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఆ మాట ఎందుకో గట్టిగా తగిలింది.

మర్నాడు ఆఫీసులో, వెళ్తానని సంతకం పెట్టేశాడు. పెట్టాక మంచి పని చేశానో కాదో తెలియక, బస్సు ఎక్కకుండా పోర్టు రోడ్డు మీద చాలా దూరం నడిచాడు. బొగ్గు లారీలు దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. నీమాకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాడు. అటువైపు ఒక్కసారిగా కేకలు, చప్పట్లు వినిపించాయి. చుట్టూ అందరూ ఉన్నట్టున్నారు.

"మీ పాత గదిలో ఇంకెవరో ఉన్నారు. రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. సముద్రం వైపుది కావాలా, బజారు వైపుది కావాలా? బజారు వైపు గోల ఎక్కువ" అంది నీమా.

"బజారు వైపుది" అన్నాడు గుణశేఖర్, ఆలోచించకుండానే.

ఫోను పెట్టేశాక, సముద్రం వైపుది అనుండాల్సిందేమో అని అనుమానం వచ్చింది. మళ్ళీ చేసి మార్చుకుందామా అని నంబరు తీశాడు. కాసేపు చూసి, ఫోను జేబులో పెట్టుకుని, వెనక వస్తున్న ఆటో ఆపి ఎక్కాడు. కూర్మన్నపాలెం అన్నాడు.